రంగం పోయిండు

మొగని పేరు నేను నోట్లెకెల్లి తియ్యకపోతుంటి. మా దిక్కు ఆడోళ్ళు తియ్యరు. తీస్తె ఆయనకు ఆయుస్సు తగ్గుతదట. ఎవరన్న అడిగితె "పండరిపురంల ఇటుక మీద నిలవడ్డ దేవుడున్నడు సూడు, ఆయన పేరు" అని చెప్పాలె. తెలిసినోడు పట్టుకుంటడు, తెల్వనోడు నెత్తి గోక్కుంటడు. ఇంట్ల అందరు పాండు అంటుండె. నేను మాత్రం "ఇగో" అంటుంటి, ఇంటె ఇంటడు, లేకుంటె లేదు. ఇప్పుడెందుకు పేరు తీస్తున్నవ్ అంటరా? జర ఆగున్రి. చెప్పేటందుకే కూసున్న గదా.

మాది సూర్యాపేట. నేను గింజల బజార్ల విశ్వనాథం సేటు కొట్టుకాడ చాట పట్టి చెరుగుత. ఆయన అదే బజార్ల బస్తాలు మోస్తుండె. మనిషి బక్కగనే ఉంటడు గని నిండు బస్తా ఎత్తితె మెడ వంగకపోతుండె. మాట తక్కువ. నాకు మాట ఎక్కువ. ఆయన తినేటప్పుడు గూడ నేను ఏదో ఒకటి గులుగుతనే ఉంటుంటి. ఆయన తలకాయ ఎత్తకుండ "ఊ" అంటుండె. గట్లనే కాపురం నడిచింది, మంచిగనే నడిచింది.

ఆంధ్ర, తెలంగాణ కలిసిన ఏడాది బజార్ల బస్తాలు తగ్గినయి. కోదాడ దాటినంక నందిగామ దిక్కు పొగాకు బేరన్ల పని దొరుకుతదని ఎవరో చెప్పిన్రు. బేరనంటె పెద్ద కొట్టం. లోపల పచ్చాకు యాలాడదీసి, కింద కట్టెల మంట పెట్టి పండబెడతరు. మంట ఆరకుండ రాత్రంత కాసుకుంట కూసోవాలె. "నువ్వు నిద్రపోతె లేవవు, నీకెందుకు ఆ పని" అన్న. నవ్విండు. గొంగడి భుజం మీదేసుకొని, "ఉగాదికి ఈడుంట" అని పోయిండు.

ఉగాదికి రాలే. ఉగాదికి ముందే కబురొచ్చింది.

అప్పుడు మేము మా బావ మట్టయ్య ఇంట్లనే ఒక అర్రల ఉంటుంటిమి. మట్టయ్యంటె ఆయనకు అన్న. ఈ మనిషికి ఒక రోగం ఉన్నది. ఎదుటోడు చెప్పేది సమజ్ కాకున్నా "ఆ, ఆ" అని తలకాయ ఊపుతడు. ఇంటి ముంగట మిర్చి లారి ఆగింది. ఇంజను బందు చెయ్యలే. డ్రైవరు ఆంధ్రాయన. దిగొచ్చి, "మట్టయ్యగారి ఇల్లు ఇదేనాండీ? బేరన్ దగ్గర మేస్త్రీ చెప్పమన్నారు. రంగం పోయాడని చెప్పమన్నారండీ" అన్నడు. చెప్పుకుంట తలకు చుట్టిన తువ్వాల విప్పి చేతుల పట్టుకున్నడు. ఎండకు చెమట తుడుసుకుంటడేమో అనుకున్న. మట్టయ్య "ఆ, ఆ" అని తలకాయ ఊపిండు. డ్రైవరు నా దిక్కు ఒకసారి సూసిండు, ఇంకేమన్న చెప్తడేమో అనుకునేలోపు ఎనుక బస్సోడు హారన్ కొట్టబట్టె. పోయిండు.

"రంగమంటె ఏందే చంద్రమ్మా?" అన్నడు మా బావ, లారి మూల తిరిగినంక.

"నాకేం తెలుసు? తలకాయ ఊపింది నువ్వు."

బస్టాండుకాడ కాకినాడాయన హోటలుండె. ఆంధ్రోళ్ళ మాట కదా, ఆయనకు తెలుస్తదని మా బావ ఆడికి పోయిండు. నేను గూడ ఎనుకనే పోయిన. హోటలాయన చాయ్ గిలాసలు కడుగుతున్నోడల్లా మొకమంత ఎలిగిపోయి బయటికొచ్చిండు. "రంగం అంటే రంగూనండీ. బర్మా దేశం. మా మేనమామ కూడా రంగం పోయినవాడే. ఓడెక్కి సముద్రం దాటి పోతారు. అక్కడ బియ్యం మిల్లుల్లో పనే పని. మీవాడు భలే గట్టివాడండీ" అని మట్టయ్య భుజం తట్టిండు. నాకు ఒక చాయ్ గూడ ఇచ్చిండు.

పొద్దుమీకేలోపల బజారంత అయింది. పాండు రంగం పోయిండట. పెండ్లానికి చెప్పకుండ ఓడెక్కిండట.

నాకు ఏడుపు రాలే. కోపమొచ్చింది. ఎంత కోపమంటె, ఆ రాత్రి ఆయన కంచం తీసి గోడకు కొట్టిన, సొట్టపోయింది. ఆ సొట్ట కంచంలనే తర్వాత నేను తినుకుంటొచ్చిన. ఉగాదికొస్తనన్న మనిషి! ఒక్క మాట చెప్తె ఏంబోయె? వద్దంటననే కదా చెప్పకపాయె. వద్దనే అందును. అంటె మాత్రం? ఆగినోడా?

అయినా మనసొప్పక నేనొక్కదాన్నే కోదాడకు బస్సుల పోయి, ఆడికెల్లి నడుసుకుంట ఆ బేరన్ల దిక్కు పోయిన. ఉగాది దాటింది, పొగాకు కాల్చుడు అయిపోయింది, బేరన్లన్ని తాళాలేసున్నయి. కూలోళ్ళు ఎవరూర్లకు వాళ్ళు పోయిన్రు. ఈడొకరు ఆడొకరు కావలోళ్ళు కనవడితె అడిగిన. "సూర్యాపేట మనిషి. పండరిపురం దేవుని పేరు." "విఠలా?" అన్నడొకడు. "విఠల్ గాదు, ఆయనదే ఇంకో పేరు." "కృష్ణా?" "గాదు." ఇగ తట్టుకోలేక "ఇంటికాడ ఆయన అన్న పాండంటడు" అన్న. "పాండా? అలాంటోడెవడూ లేడమ్మా ఇక్కడ" అన్నరు. ఎవరినడిగినా అదే మాట. పాండు అనేటోడు ఆడ లేనే లేడు. ఇగ రంగం పోయిండన్నదే నిజమని ఇంటికొచ్చిన.

అప్పటి సంది నా బతుకు ఎటుగాకుండ అయింది. బొట్టున్నది, గాజులున్నయి, మొగడు లేడు. నా యారాలు, మట్టయ్య పెండ్లాం, చెరువుకాడ బట్టలుతుకుకుంట నలుగుట్ల అంటది, "ఆడ బర్మా ఆడోళ్ళు మస్తు తెల్లగుంటరట, మావోనికి నీ మొకం ఏం యాదికుంటది" అని. పరాశికమే. నేనూ నవ్వుతుంటి. ఇంటికొచ్చి తలుపేసుకొని ఆయన్ను తిడుతుంటి. పొద్దున లేవంగనె తిట్టు, పండేముందు తిట్టు. కొంతమంది దేవునికి దండం పెట్టుకుంటరు, నాకదే దండం.

మా తల్లిగారిది నేరేడుచర్ల. రెండేండ్లు సూసి, నన్ను కన్న మా అవ్వ ఇంకో సంబంధం తెచ్చింది. మా కులంల మారుమనువు ఉన్నది, తప్పు గాదు. ఆయన పేరు భిక్షపతి, పెండ్లాం సచ్చిపోయింది, మిర్యాలగూడకు వడ్ల బండి తోలుతడు. మా అవ్వింటికి వచ్చి గడపల కూసున్నడు. నా మొకం సూడకుండ తన ఎడ్ల గురించే చెప్పిండు, ఒకదానికి కుడికొమ్ము ఇరిగిందని, అయినా తోలుతనే ఉన్న అని. పోయేటప్పుడు "నీకిష్టమైతెనే" అన్నడు. మంచోడే. నాకు గూడ మనసైంది, ఎందుకు అబద్ధమాడాలె.

పెద్దమనుషులు కూసున్నరు. వాళ్ళు తేల్చిందేందంటె, మొగడు బతికున్నడు, ఇడిసిపెట్టినని చెప్పలే. వాని నోటి మాట లేకుండ మనువు నడవది. "పోయి మాట తే, లేకుంటె మనిషిని తే" అన్నరు. వాళ్ళు నవ్వులాటకే అన్నరు. బర్మాకు పోయి ఎవరు తెస్తరు? నాకు మాత్రం ఒళ్ళు మండింది. తెస్త సూడున్రి అన్న. మనిషన్న కావాలె, మాటన్న కావాలె. నాకు ఇంకేమొద్దు.

కోదాడల సువార్తమ్మ టీచరమ్మ ఉండె. నేరేడుచర్ల మిషన్ బడిల చెప్పేటప్పుడు మా అవ్వ ఆమెకు నీళ్ళు మోసింది, ఆ పరిచయం. ఆమె కాడికి పోయి కూసున్న. "పిచ్చి లేసిందా చంద్రమ్మా, ఆడదానివి ఒక్కదానివి ఓడల పోతవా" అన్నది. పోత అన్న. సూసి సూసి, నేను లేసేటట్టు లేనని కాయితాలు రాయబట్టింది. పాస్‌పోర్టని ఒకటి కావాలెనట, ఇంకేదో ముద్ర కావాలెనట. పట్నానికి తిరుగుడు, మళ్ళ రమ్మనుడు, ఏడాది పట్టింది. భర్త పేరు రాసేకాడ టీచరమ్మ నా దిక్కు సూసింది. నేను ఎంట వచ్చిన మా బావ దిక్కు సూసిన. "పాండు" అన్నడు మట్టయ్య. "అంతేనా? ముందర ఎనుక ఏం లేదా?" అన్నది ఆమె. "ఆ, ఆ" అని తలకాయ ఊపిండు. అంతే రాసింది.

నా కాళ్ళ కడియాలు అమ్మి టికెట్టు కొన్న. డెక్కు టికెట్టంటె ఓడ మీద పైన బయట పండేది, అన్నిటికన్న సవుక. సాప పరుసుకొని ఎవరి జాగల వాళ్ళుండాలె. తిండి మనదే. అటుకులు, పుట్నాలు, ఉల్లిగడ్డలు, ఎండుమిర్చి కారం, మూట కట్టుకున్న. మద్రాసుల రేవుకాడ ఓడను సూసి, ఇంత ఇనుము నీళ్ళ మీద ఎట్ల నిలవడతది అని ఒక్కటే భయం. ఎక్కినంక భయపడే తీరిక లేదు. కక్కుడే కక్కుడు. పక్క సాప మీద అరవామె నిమ్మకాయ కోసి నా ముక్కుకాడ పెట్టింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. అయినా నేను ఆమెకు మొత్తం చెప్పిన. నా మొగడు ఉగాదికొస్తనన్నడని, రాలేదని. ఆమె గూడ ఏదో చెప్పింది, కండ్లు తుడుసుకుంట.

కక్కుడు తగ్గినంక నేను ఓడ కటకటాలు పట్టుకొని మాట అభ్యాసం చేసిన. ఎదురువడంగనె ఏమనాలె? "వస్తవా, రావా? రాకుంటె నలుగుట్ల నోరిప్పి చెప్పు." గట్టిగ అంటుంటి సముద్రానికి. కొన్నిసార్లు ఆ మాట పక్కకు పోయి, "ఎట్ల బక్కగైనవ్" అన్న మాట వస్తుండె. దాన్ని మింగుతుంటి.

రంగం నేను అనుకున్నట్టు లేదు. పెద్ద పట్నం. నడుమల బంగారి గుడి ఎండకు మెరుస్తుంటది. ఆడోళ్ళు మొలకు లుంగీ కట్టి నోట్ల బొటనేలంత చుట్టలు పెట్టుకొని నిమ్మలంగ పోతుంటరు. బజారంత ఎండు చేపల వాసన. మనోళ్ళను ఆడ, కోరంగి రేవు పేరు మీద, కోరంగోళ్ళంటరు, ఏ దిక్కుకెల్లి వచ్చినా అంతే. నేను బండెక్కలే, రిక్షా ఎక్కలే, అంతా నడుసుడే. తెలుగోళ్ళ సత్రం అరుగు మీద పండుకున్న. పొద్దున నానబెట్టిన అటుకులు, పొద్దుమీకి నానబెట్టిన అటుకులు. పోయింది తిరుగుడు సూసుడుకు గాదు కదా.

ఏటి పొంటి వరుసగ బియ్యం మిల్లులు. ఉనుక కుప్పలు, పొగగొట్టాలు, పడవలల్ల బస్తాలెత్తుడు. నాకు తెలిసిన పనే, తెలిసిన వాసనే. ఏ మిల్లు ముంగట నిలవడ్డా మెడ వంగకుండ బస్తా మోసేటోడు ఎవడన్న ఉన్నడా అని సూస్తుంటి. ఒకలిద్దరు ఎనుకకెల్లి అట్లనే అనిపించిన్రు. ఉరికి ముంగటికి పోతె వేరేటోళ్ళు.

అడిగినోళ్ళందరికి అదే. సూర్యాపేట మనిషి, పండరిపురం దేవుని పేరు. ఆడున్నోళ్ళు ఎక్కువమంది విశాఖపట్నం, శ్రీకాకుళం దిక్కు. సూర్యాపేట ఏడున్నదో వాళ్ళకు తెల్వదు. "ఇప్పుడెవరొస్తున్నారమ్మా కొత్తగా? ఉన్నోళ్ళమే పోదామని చూస్తున్నాం" అన్నడు ఒకాయన. ఇంకొకాయన, "ఒక హైదరాబాదోడున్నాడు, అవతల మిల్లులో" అన్నడు. నాకు కాళ్ళల్ల పానం లేసింది. ఎండల ఉరికినట్టే పోయిన. పోతె ఆయన ముసలాయన, ఖాదర్ మియా, నల్లగొండ కాడోడు. నైజాం కాలంలనే వచ్చిండట. నేను "ఏమయ్యా, జర ఆగు" అనంగనె కూసున్నోడు లేసి నిలవడ్డడు. "మళ్ళ అను. మళ్ళోసారి మాట్లాడు బేటీ" అన్నడు. మా మాట ఇని ఎన్నేండ్లయిందో. మూసీల నీళ్ళున్నయా అని అడిగిండు. ఉన్నయన్న. నా మొగని సంగతి ఆయనకు తెల్వదు. ఇద్దరం గోడ నీడకు కూసొని ఏడ్సినం, ఎవరి ఏడుపు వాళ్ళది.

తిరిగొచ్చే ఓడ దగ్గరికొచ్చింది. అటుకులు అడుగుకు పట్టినయి. ఏ మిల్లుకాడ గూడ మనిషి దొరకలే, మాట దొరకలే. ఇంతదూరం వచ్చి ఉత్త చేతులతోని పోవాల్నా అని నాకు పానం సచ్చిపోయింది.

ఒక మిల్లు ముంగట నూకాలమ్మని ముసలామె అట్లు పోసి అమ్ముతుంటది. కూలోళ్ళందరు ఆమెకాడనే తింటరు. ఆమెకు తెల్వని మనిషి లేడన్నరు. పోయి ముంగట కూసున్న.

"ఎవుల కోసం తిరుగుతున్నావే అమ్మీ? రోజూ సూస్తన్నాను" అన్నది.

చెప్పిన. పండరిపురం దేవుని పేరన్న.

"ఆ దేవుడెవుడో నాకు తెల్దు. మా సింహాద్రప్పన్న తెలుసు, మా నూకాలమ్మ తల్లి తెలుసు. పేరెట్టి సెప్పు."

"పేరు చెప్పొద్దవ్వా. ఆయనకు ఆయుస్సు తగ్గుతది."

నూకాలమ్మ నోట్ల చుట్ట తీసి నవ్వింది. "మా ఆయన పేరు అప్పన్న. ఈదంతా ఇనబడేలాగ అప్పన్నా అని కేకేసేదాన్ని. ఎనబై ఏళ్ళు బతికి నన్నే ఏడిపించాడు. పేరు సెప్పకండా సముద్రం దాటొచ్చి మొగుణ్ణి ఎలా ఎతుకుతావే ఎర్రిమొకమా?"

నిజమే కదా అనిపించింది. సుట్టు ఎవరు లేరు. ఆయన గూడ ఇనేంత దగ్గర లేడు. నేను కండ్లు మూసుకొని చెప్పిన. పెండ్లిల అయ్యగారు మంత్రాలల్ల ఒక్కసారి అన్న పేరు, అంతకు మించి నేను పూర్తిగ ఇన్నది లేదు. "పాండురంగం" అన్న.

"పాండురంగం" అన్నది ఆమె గూడ. అట్టు మీద నూనె సల్లుకుంట, "మరాడు రంగం ఒచ్చాడని నీకెవులు సెప్పారు?" అన్నది.

"లారి డ్రైవరు."

"ఏటన్నాడు? ఆడన్నది అన్నట్టు సెప్పు."

"'రంగం పోయాడని చెప్పమన్నారు' అన్నడు."

నూకాలమ్మ చెయ్యి ఆగింది. అట్టు తిప్పలే. "పనికాడ మీ ఆయన్ని ఏటని పిలిసేవోరు?"

"నాకేం తెలుసు? ఇంట్ల పాండంటరు."

"ఇంట్లో గాదమ్మీ. ఆ పనికాడ."

పెన్నం మీద అట్టు మాడుతున్నది. ఆమె దాన్ని సూడలే, నన్నే సూస్తున్నది.

"మా దేశంలో ఊరెళ్తే ఎల్లాడంటాం" అన్నది మెల్లగ. "పోయాడంటే..."

నాకు ఆ డ్రైవరు తువ్వాల యాదికొచ్చింది. చెమటకు గాదు ఆయన విప్పింది. తలకు గుడ్డ ఉంచుకొని సావు కబురు చెప్పొద్దని విప్పిండు. తువ్వాల చేతుల పట్టుకొని, మేము ఏడుస్తమని సూస్తున్నడు నా దిక్కు. మా బావ "ఆ, ఆ" అని తలకాయ ఊపిండు.

మా దిక్కు పోయిండంటె బజారుకు పోయిండు, పనికి పోయిండు, ఎటన్న పోయిండు. మళ్ళొస్తడు. రెండు కలిపి ఒక్క రాష్ట్రం చేసిన్రు, గింత మాట కలవకపాయె.

ఆయన పూర్తి పేరు నేను నోటితోని తీసింది అదే మొదలు. తియ్యంగనె ఆయన సచ్చిపోయిండు. ఎప్పుడో సచ్చినోడు, నాకు మాత్రం ఆ అట్ల పొయ్యి ముంగట సచ్చిండు. నూకాలమ్మ లేసొచ్చి నా ఎన్ను మీద చెయ్యేసి రాసింది. నాకు ఏడ్సుడు రాలే.

వచ్చేటప్పుడు ఓడ మీద కక్కుడు లేదు. తిండి లేదు కదా, ఏం కక్కుత. అటుదిక్కు పోయేటప్పుడు సముద్రానికి అన్న మాటలన్ని గుర్తుకొచ్చినయి. ఆయన్ను తిట్టని రోజు లేకుండె. ఒక్క తిట్టు గూడ ఆయనకు తాకలే. తాకేటందుకు మనిషే లేడు. మూడేండ్లు నేను ఎవరితోని కొట్లాడిన?

అయినా ఒక చిన్న ఆశ. ముసలామె తప్పు చెప్పిందేమో. బెజవాడల రైలు దిగి, ఇంటికి పోకుండ నందిగామ కాడ బస్సు దిగిన. మళ్ళ ఆ బేరన్ల దిక్కు నడిసిన. ఇప్పుడు కాల్చే కాలం, కొట్టాలన్ని పొగలు పోతున్నయి. ఈసారి దేవుని పేరు అడగలే, పాండని అడగలే. "ఈడ రంగమని ఒకాయన పనిచేసిండా?" అన్న.

మూడో బేరన్ కాడనే మేస్త్రీ తలెత్తిండు. "సూర్యాపేట రంగమా?"

నేను కింద కూసున్న.

"మీరేమవుతారమ్మా?" అన్నడు. చెప్పిన. ఆయన మొకం గట్టిపడ్డది. "మూడేళ్ళకొచ్చారా? జ్వరంతో మూడు రాత్రులు మూలిగాడు. పొద్దున్నే పోయాడు. సూర్యాపేట లారీ ఆపి కబురు పెట్టాం. మీవాళ్ళు వస్తారని ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా శవాన్ని ఉంచాం. కుక్క కూడా రాలేదు. ఏం మనుషులమ్మా మీరు, అని మేమిక్కడ మిమ్మల్ని తిట్టని రోజు లేదు."

నేను ఆయన్ను తిడుతున్న, వీళ్ళు నన్ను తిడుతున్నరు. నడుమల ఆయన మట్టిల ఉన్నడు. చెప్పుదామని నోరు తెరిసిన. రంగమంటె రంగూననుకున్నమయ్యా అని ఎట్ల చెప్తరు? ఎవడన్న నమ్ముతడా? నాకే నమ్మబుద్ధి కాలే.

"ఇంట్ల పాండంటుంటిమి" అన్న ఎట్లనో.

"మాకు తెలీదమ్మా. వచ్చిన రోజే ఎవరో రంగం అన్నారు, అదే నిలిచిపోయింది" అన్నడు. ఆయన గొంతు తగ్గింది. లోపలికి పోయి గొంగడి తెచ్చి ఇచ్చిండు. ఎవరన్న వస్తరని దాసిపెట్టిన్రట. పొగాకు వాసనే వస్తున్నది, ఆయన వాసన ఏం లేదు.

బొంద పెట్టిన జాగ సూపియ్యమన్న. చేను గట్టుకు తీస్కపోయిండు. "ఇక్కడేననుకుంటా. కాదు, ఆ రేగుచెట్టు దగ్గర. అప్పుడు చెట్టు లేదు" అన్నడు. దున్ని మిర్చి పెట్టిన్రు. మొక్కలు మోకాలెత్తున్నయి. ఎటు మొక్కాల్నో తెల్వక నేను గొంగడి పట్టుకొని చేను మొత్తానికి దండం పెట్టిన. ఆ జాగ కోదాడకెల్లి పొద్దంత నడిస్తె వస్తది. నేను సముద్రం దాటొచ్చిన.

గట్టు మీద కూసొని గాజులు నేనే పగలగొట్టుకున్న. మా దిక్కు అది ఒక్కతి చేసుకునేది గాదు, నలుగురు ఆడోళ్ళు పట్టుకొని చేస్తరు, మీద పడి ఏడుస్తరు. నాకు నలుగురేరి? ఒకటి రాయితోని కొడితె చేతికి గుచ్చింది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆయన కోసమో, నా కోసమో, సొట్టపోయిన కంచం కోసమో, నాకు తెల్వదు. మిర్చి చేన్ల కూలోళ్ళు లేసి సూసి మళ్ళ వంగిన్రు.

పెద్దమనుషులు మళ్ళ కూసున్నరు. ఇప్పుడు మాట దొరికింది కదా, ఇగ నీ ఇష్టం అన్నరు. నాకు నవ్వొచ్చింది. మాట ఎప్పుడో వచ్చింది, లారి ఎక్కి ఇంటి ముంగటికొచ్చింది. భిక్షపతి నేను ఓడల ఉన్నప్పుడే హుజూర్‌నగర్ దిక్కు ఒకామెను చేసుకున్నడు. ఎన్నాళ్ళని సూస్తడు, బండి తోలేటోనికి ఇంట్ల మనిషి కావాలె కదా. ఆయన తప్పు లేదు. మట్టయ్య చాన రోజులు నా ముంగట తలకాయ ఎత్తలే. ఎత్తినా ఊపలే.

అంతకు ముందు, సూర్యాపేటల బస్సు దిగిన పొద్దుటి సంగతి చెప్పి లేస్త. గొంగడి సంకల పెట్టుకొని దిగిన. ఎదురుంగనే కాకినాడాయన హోటలు. గిలాసలు కడుగుకుంట నన్ను సూసి బయటికొచ్చిండు, ఆ రోజు లెక్కనే మొకమంత ఎలిగిపోయింది. "వచ్చేశారా అమ్మా! ఓడ ప్రయాణం బాగా జరిగిందా? ఏమైంది, మీ ఆయన సంగతి తెలిసిందా?"

ఇగ పేరు తీస్తె తగ్గేటందుకు ఆయుస్సు లేదు. నా నోటితోని నేనే చెప్పిన.

"రంగం పోయిండన్నా."

"అదే కదమ్మా" అన్నడు ఆయన, "నేను మొదటి రోజే చెప్పాను."

చెప్పిండు. కాదనలేం. బెంచి తుడిసి కూసోమన్నడు, చాయ్ పోసిండు. అలసిపోయి ఉంటిని, తాగిన.